ఎల్సీ వాపస్

అచ్యుతరావు గొంతు మూడు ఫోన్లలో ఒకేసారి మాట్లాడుతోంది. అచ్యుతరావు మాత్రం నోరు మూసుకుని గది మధ్యలో నిలబడి ఉన్నాడు.

"నేను కాదమ్మా," అన్నాడు మెల్లగా, తన మీదే ఎవరో నేరం మోపినట్టు.

జమున ఆయనకు సైగ చేసింది, మాట్లాడవద్దని. ఒక గొంతు రిసెప్షన్ ఫోన్లో ఉంది. ఇంకొకటి అకౌంట్స్ చూసే చంద్రమతి సెల్లో ఉంది. మూడోది జమున చేతిలోనే, స్పీకర్లో పలుకుతోంది. అదే దగ్గు. మాట మొదలుపెట్టే ముందు అదే "అదేనమ్మా". కృష్ణా జిల్లా నుంచి రెండు లారీలతో వచ్చిన తండ్రి దగ్గర నేర్చుకుని, నలభై ఏళ్లు గోదావరిఖనిలో ఉన్నా వదలని అదే సాగదీత.

"జమునా, నేను మంచిర్యాల వెళ్తున్నానమ్మా, దారిలో ఉన్నా. వర్క్‌షాపులో బ్యాకప్ పెట్టె ఎందుకు ఆన్‌లో లేదు? అర్జెంటుగా చూడు."

చూస్తానని జమున వినయంగా జవాబిచ్చింది. పక్కనే అసలు యజమాని కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

వజ్రేశ్వర ఎర్త్ మూవర్స్ పెద్ద కంపెనీ కాదు, చిన్నదీ కాదు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీదున్న మట్టిని, బండను తవ్వి గుట్టలుగా పోసే కాంట్రాక్టు వాళ్లది. డంపర్లు, ఎక్స్‌కవేటర్లు, ఒక వర్క్‌షాపు, సొంతంగా ఒక చిన్న సబ్‌స్టేషన్ ఉన్నాయి. వీటన్నిటినీ నడిపించే కంప్యూటర్ల బాధ్యత జమునది. హైదరాబాదులో నాలుగేళ్లు ఇదే పని చేసి, తండ్రికి ఊపిరితిత్తులు పాడయ్యాక తిరిగి తిలక్‌నగర్ ఇంటికి చేరింది.

ఆ రోజు పొద్దున ఆఫీసు తెరిచేసరికి కంప్యూటర్ల మీద ఒకటే వాక్యం ఉంది. మీ ఫైళ్లకు తాళం వేశాం, మాతో మాట్లాడండి అని. జమున చదవడం పూర్తి చేయకుండానే ఇంటర్నెట్ తీగ పీకేసింది. మెషీన్లు ఆపింది. సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. తర్వాత అచ్యుతరావుకు ధైర్యం చెప్పింది. మన సమాచారమంతటికీ ఇంకో నకలు వర్క్‌షాపులో పెట్టెలో ఉంది సార్, అది ఉన్నన్నాళ్లు వీళ్లు మనల్ని ఏమీ చేయలేరు, రెండు రోజుల్లో లేచి నిలబడతాం అంది. పైగా ఈరోజు వర్క్‌షాపుకు కరెంటే లేదు, ఆ పెట్టె ఆగి ఉంది, దాన్ని ముట్టుకోవడం ఎవరి తరమూ కాదు అని కూడా అంది.

ఇప్పుడు ఆ పెట్టె గురించే మూడు గొంతులు అడుగుతున్నాయి.

చంద్రమతి సెల్ చేత్తో మూసి, ఇదెలా సాధ్యమని పెదవులతో అడిగింది. జమున అచ్యుతరావు చెవి దగ్గర గొంతు తగ్గించి చెప్పింది. ఇదివరకు ఇలాంటి దొంగతనానికి నలుగురు మనుషులు కావాలి. తెలుగు వచ్చినవాడొకడు, గొంతు మార్చగలిగినవాడొకడు కావాలి. ఇప్పుడు ఏఐకి నాలుగు రికార్డింగులు వినిపిస్తే చాలు. గొంతు పట్టేస్తుంది, యాస పట్టేస్తుంది, ఏం అడిగినా అప్పటికప్పుడు జవాబు అల్లేస్తుంది. ఒకేసారి ఎంతమందితోనైనా మాట్లాడుతుంది.

"నాకన్నా మర్యాదగా మాట్లాడుతున్నాడే వీడు," అన్నాడు అచ్యుతరావు.

అప్పుడు మూడు ఫోన్లూ ఒక్కసారే మూగబోయాయి. మాట మధ్యలో, ఊపిరి తీసుకునే చోట కట్ అయిపోయాయి.

జమునకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. అడుగుతున్నవాడు అడగడం ఆపేశాడంటే విసుగొచ్చి ఉండాలి, లేకపోతే జవాబు ఇంకెక్కడో దొరికి ఉండాలి. ఇది విసుగెత్తే రకం కాదు.

వర్క్‌షాప్ స్టోర్‌కీపర్ లింగమూర్తికి ఫోన్ కలిపింది. సారు చేశాడా అని అడిగింది. ఇప్పుడే చేశాడని అతను ఉత్సాహంగా చెప్పాడు. సారు ఎన్నడూ లేంది తన పిల్లల చదువు సంగతి కూడా అడిగాడట.

"ఏమడిగిండు లింగమూర్తన్నా? మాటకు మాట చెప్పు."

"గా పెట్టె ఎందుకు ఆన్ లేదన్నడు. కరెంట్ లేదు సార్ అన్న. ఎందుకు లేదన్నడు. కొమురెల్లి లైన్ మీద ఉన్నడు సార్, ఎల్సీ తీస్కున్నడు, ఆయన పోశం కాకకు ఫోన్ జేసి వాపస్ ఇస్తెనే లైన్ వస్తదన్న. అంతే. సరే అని పెట్టేసిండు."

జమున ఫోన్ పెట్టేయలేదు.

తీగ మీద పని చేయబోయే మనిషి ముందుగా సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆ లైన్‌లో కరెంటు ఆపించుకుంటాడు. దాన్ని లైన్ క్లియర్ తీసుకోవడం అంటారు, అందరి నోటా అది ఎల్సీ. పని అయ్యాక, తీసుకున్నవాడే మళ్లీ ఫోన్ చేసి ఎల్సీ వాపస్ ఇవ్వాలి. అతని గొంతు వినబడేదాకా సబ్‌స్టేషన్‌లో ఎవరూ స్విచ్ ముట్టరు. వినబడితే ముడతారు. మధ్యలో ఉన్నది ఆ గొంతు ఒక్కటే.

ఆ గొంతు దొంగల దగ్గర ఉంది. నిరుడు ఒక ఎల్సీ విషయంలో ఎవరు ఎప్పుడు ఏమన్నారని గొడవ వస్తే, సబ్‌స్టేషన్ ఫోన్లన్నీ రికార్డు చేయించాలని అచ్యుతరావు నిర్ణయించాడు. ఆ రికార్డింగులను ఆఫీసు కంప్యూటర్లో దాచింది జమునే. రోజూ ఒకటే మాట వాటిలో ఉంటుంది. 'పోశం కాకా, కొమురెల్లిని. వర్క్‌షాప్ లైన్ ఎల్సీ వాపస్.' ఏడాది పొడుగునా, ఎండలో, వానలో, జలుబులో, నవ్వుతూ, కసురుతూ అన్న అదే మాట. ఒక మెషీన్‌కు ఒక మనిషి గొంతు నేర్పాలంటే అంతకంటే మంచి పాఠం ఉండదు.

దానికి ఎవరినీ చంపాలని లేదు. ఆ పెట్టెకు కరెంటు రావాలి, ఆ పెట్టెకు విడిగా ఉన్న సిమ్ డాంగిల్‌లో నెట్ రావాలి, లోపలికి పోయి ఆ నకలును కూడా తుడిచేయాలి. అంతే. తీగ మీద మనిషి ఉన్నాడన్నది దానికి ఒక అడ్డంకి మాత్రమే.

ఆ మనిషి జమున అక్క రాజకుమారి మొగుడు.

పొద్దున్నే టీ కోసం ఆఫీసుకు వచ్చి, ఆగిపోయిన కంప్యూటర్ల వంక చూసి, "మీ డబ్బలకు జరం అచ్చిందా మరదలా? దవాఖానకు తీస్కపో," అని నవ్వి పోయాడు కొమురెల్లి. నీకంటే అవే నయం బావా, చెప్పిన మాట వింటాయి అని ఆమె అనేలోపు బండి స్టార్ట్ చేశాడు.

"లింగమూర్తన్నా, బావ ఎర్త్ రాడ్లు తీస్కపోయిండా?"

అవతల అడుగుల చప్పుడు వినబడింది. ఆగింది.

"మూలకున్నయి."

రాడ్లతో తీగను భూమికి కలిపి ఉంచితే, పొరపాటున ఎవరు కరెంటు వదిలినా అది భూమిలోకి పోయి, బ్రేకర్ పడి సరఫరా ఆగిపోతుంది, పైన ఉన్న మనిషి బతుకుతాడు. ప్రతిసారీ వేయాలన్నది రూలు. కానీ రాడ్లు బరువు, ఎండ మండుతోంది, పైగా అవతల ఉన్నది పోశం. గనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరై, ఇక్కడ సబ్‌స్టేషన్ ఆపరేటర్‌గా చేరిన మనిషి. పోశం కాక ఎల్సీ ఇచ్చాడంటే ఇక రాడ్లెందుకని ఇక్కడి లైన్‌మెన్లందరూ అనుకుంటారు. ఎన్నేళ్లుగానో అనుకుంటున్నారు, ఎన్నడూ ఏమీ కాలేదు.

సబ్‌స్టేషన్ ల్యాండ్‌లైన్ కలిపింది. ఎంగేజ్.

మళ్లీ కలిపింది. ఎంగేజ్.

ఆ గొంతు ఇప్పటికే అక్కడ ఉంది.

పోశం సెల్ స్విచాఫ్. గనిలోకి ఫోన్ తీసుకుపోనివ్వని రోజుల అలవాటు ఆయనది, డ్యూటీ ఎక్కగానే ఆపేస్తాడు. కొమురెల్లి సెల్ మోగుతోంది, కానీ అది బండి డబ్బాలో మోగుతుంటుంది. మనిషి స్తంభం మీద ఉంటాడు.

జమున గబగబా పనులు పంచింది. లింగమూర్తి ఉన్నపళంగా బండి తీసి సబ్‌స్టేషన్‌కు పోవాలి, పోశం చేయి పట్టుకుని ఆపాలి. చంద్రమతి ఆ ల్యాండ్‌లైన్‌కు కలుపుతూనే ఉండాలి.

"మరి ఆ పెట్టె?" అని అచ్యుతరావు అడిగాడు. అడిగిన వెంటనే తనే తల అడ్డంగా ఊపాడు. "దాని సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు పో తల్లీ. ముందు ఆ పిల్లాణ్ణి దింపు."

కొమురెల్లికి నలభై దాటాయి. ఆ మాట అనే తీరిక జమునకు లేదు.

ఆమె స్కూటీ చౌరస్తా దాటింది. పోశం పని తీరు ఆమెకు తెలుసు. ఎల్సీ వాపస్ వచ్చాక ఆయన పరుగెత్తడు. ముందు బయటి యార్డులోకి నడిచిపోయి అక్కడి లైన్ స్విచ్ హ్యాండిల్ ఎత్తుతాడు. మోకాళ్ల నొప్పులు, మెల్లగా నడుస్తాడు. తిరిగి లోపలికి వచ్చి, అద్దాలు పెట్టుకుని, అప్పుడు బ్రేకర్ వేస్తాడు. ఆ నడక ఎంతసేపు పడితే కొమురెల్లికి అంత ఆయుష్షు.

ఊరు వెనకబడింది. రోడ్డుకు ఒక పక్క మట్టి గుట్ట మొదలైంది. బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి అది, ఏళ్లు గడిచేకొద్దీ కొండలా పెరిగింది. దాని అవతలి అంచున వర్క్‌షాప్ లైన్ స్తంభాలున్నాయి. మలుపు తిరిగితే చాలు.

మలుపు దగ్గర ఎర్ర జెండా అడ్డం వచ్చింది.

గార్డు బిక్షం రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. అటూ ఇటూ డంపర్లు, రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ వేళ అది. బండలు పగలగొట్టే ముందు దారులన్నీ మూసేస్తారు. పేలుడు అయ్యేదాకా కలెక్టర్ వచ్చినా ఆగాల్సిందే.

జమున బండి దిగకుండానే విషయం చెప్పింది. తన తండ్రితో ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి, ఆమె మొహం చూసే సగం అర్థం చేసుకున్నాడు. కానీ జెండా దించలేదు.

"పోల్ దిక్కు రాళ్లు రావు బిడ్డా, భయం లేదు. రోడ్డు మీదికే వస్తయ్. నిన్ను పోనిస్తే మీ బాపుకు నేనేం జవాబు చెప్పాలె?"

"రాళ్ల ఫికర్ కాదు కాకా. లైన్‌ల కరెంట్ వస్తాంది. ఆయనకు తెల్వది."

బిక్షం ఒక్క క్షణం గుట్ట వంక చూశాడు. రోడ్డు వదిలేసి గుట్ట ఎక్కితే అవతలి అంచు నుంచి స్తంభం కనబడుతుందని, ఆ మేర పేలుడు హద్దుకు బయటే ఉంటుందని చెప్పాడు. తర్వాత తన బండికి కట్టి ఉన్న ఇంకో జెండా లాగి ఆమె చేతిలో పెట్టాడు. బ్లాస్టింగ్ వేళ గుట్ట మీద ఎవరు తిరిగినా చేతిలో ఎర్ర జెండా ఉండాలి, లేకపోతే కింద ఉన్నవాళ్లకు మనిషి ఆనవాలు తెలియదు.

"ఉరుకు. వదులు మట్టి, అడ్డంగ ఎక్కు, నిలువుగ ఎక్కకు."

జమున ఎక్కింది. ప్రతి అడుగుకూ కాలు పిక్కదాకా దిగబడింది. ఒక చెప్పు మట్టిలోనే ఉండిపోయింది. నిప్పులా కాలుతున్న రాళ్ల మీద అరికాలు పడుతుంటే నొప్పి ఎవరిదో అన్నట్టుంది. సగం దూరంలో ఫోన్ మోగింది. తెరపై చంద్రమతి పేరుంది. ఎత్తింది. "మేడం, ఇప్పుడు ఫోన్ మోగుతోంది, కానీ ఎవరూ ఎత్తడం లేదు," అని చెప్పింది చంద్రమతి.

అంటే మాటలు అయిపోయాయి. పోశం యార్డులో ఉన్నాడు.

గుట్ట అంచుకు చేరేసరికి సైరన్ మొదలైంది. పేలుడుకు ముందు వేసే పొడుగాటి సైరన్ అది. నేలంతా దానితోనే నిండిపోయింది. కింద, బాగా కింద, స్తంభం కనబడింది. తీగలు మోసే ఇనుప అడ్డ పట్టీ దగ్గర, నడుముకు బెల్టు కట్టుకుని కొమురెల్లి వేలాడుతూ కూర్చున్నాడు. ఒక చేయి తీగ మీదే ఉంది.

"బావా..."

తన అరుపు తనకే వినబడలేదు. మళ్లీ అరిచింది. సైరన్ మింగేసింది. ఖాళీ చేయి ఊపింది. కొమురెల్లి తలెత్తి చూశాడు, గుర్తుపట్టాడు. ఇంత దూరం నుంచి కూడా ఆ పళ్లు కనబడ్డాయి. తీగ మీది చేయి తీసి, హుషారుగా తనూ ఊపాడు. తర్వాత ఆ చేయి మళ్లీ తీగ మీదికే పోయింది.

చేతిలో జెండా ఉందన్న సంగతి జమునకు అప్పుడు తట్టింది.

రెండు చేతులతో పట్టుకుని తల మీదుగా అటూ ఇటూ ఊపింది. చీర కుచ్చిళ్లు ఊడిపోయినా ఆపలేదు. బొగ్గు నేల మీద పుట్టిన ఏ మనిషికైనా ఆ ఎర్ర గుడ్డ ఊగితే ఒకటే అర్థం. ఎందుకు, ఏమిటి అని అడిగేది లేదు. చేతిలో ఉన్నది అక్కడే వదిలి తప్పుకోవాలి. చిన్నప్పుడు బడి నుంచి వచ్చే దారిలో అది ఊగితే, పలకలు పారేసి పరుగెత్తిన పిల్లలే వీళ్లంతా.

కొమురెల్లి నవ్వు ఆగిపోయింది. ఎన్నడూ గార్డు నిలబడని చోట జెండా ఊగుతోంది. రాళ్లు ఇటే వస్తున్నాయని అనుకుని ఉంటాడు. ఏమనుకుంటేనేం, అతని చేయి తీగను వదిలింది. బెల్టు కొక్కెం లాగాడు. అది రాలేదు. మళ్లీ లాగాడు. ఊడింది. రెండు చేతులతో సిమెంటు స్తంభాన్ని వాటేసుకుని జారాడు.

అతను సగం స్తంభం దిగి ఉంటాడు. భూమి కంపించింది. గుట్ట అవతల నుంచి పేలుడు మోత వచ్చి జమునను వెనక్కి తోసింది. అదే క్షణంలో స్తంభం పైన నీలం రంగు మెరుపు ఒకటి మెరిసింది. దాని చప్పుడేమిటో తెలియలేదు. పెద్ద మోతలో అది కలిసిపోయింది. తర్వాత దుమ్ము వచ్చింది. ఎర్రటి, వేడి దుమ్ము. స్తంభం లేదు, బావ లేడు, ఏమీ కనబడలేదు.

జమున దిగలేదు, దొర్లింది. కింద పడ్డాక లేచి, దుమ్ములోనే చేతులు చాచి నడిచింది. అక్కకు ఏం చెప్పాలన్నదే తలలో తిరుగుతోంది.

కాలికి ఏదో మెత్తగా తగిలింది. అది కొమురెల్లి కాలు.

స్తంభం మొదట్లో కూలబడి ఉన్నాడు. అరచేతుల తోలు లేచిపోయి రక్తం కారుతోంది. తల పైకెత్తి, నోరు తెరిచి, అడ్డ పట్టీ వంకే చూస్తున్నాడు. అక్కడ తీగ మీద అతను వదిలేసి వచ్చిన కటింగ్ ప్లయర్ నల్లగా మాడి, ఇనుముకు అతుక్కుపోయి, ఇంకా పొగలు కక్కుతోంది.

"ఎవ్వలిచ్చిన్రే లైన్?" అన్నాడు. "నేను వాపస్ ఇయ్యలే గద."

"నువ్వే ఇచ్చినవ్ బావా."

అతను ఆమె వంక చూశాడు. పరాచికం కాదని అర్థమైంది.

జమున అతని పక్కన మట్టిలో కూర్చుంది.

సబ్‌స్టేషన్ మెట్ల మీద, జమున, కొమురెల్లి చేరేసరికి, పోశం కూర్చుని ఉన్నాడు. లింగమూర్తి ఆయన భుజం పట్టుకుని నిలబడ్డాడు. తను గేటు దాటేసరికే పోశం బ్రేకర్ వేసేశాడని, వెంటనే అది దానంతటదే పడిపోయిందని, మళ్లీ వేయబోతున్న ముసలాయన చేయిని పట్టుకుని ఆపానని చెప్పాడు. చెబుతూ చెబుతూ తనవల్లే ఇదంతా అయిందని మొహం చాటేశాడు.

పోశం లేచి కొమురెల్లి దగ్గరికి వచ్చాడు. ముట్టుకోవడానికి చేయి చాచి, సగంలో ఆపేశాడు.

"నీ గొంతే రా. కసురుకున్నవ్ గూడ. ఎండకు తాళలేకపోతున్న, జల్ది పెట్టు కాకా అన్నవ్. నా మోకాళ్లెట్లున్నయని అడిగినవ్."

"రోజు అడుగుత గద కాకా," అన్నాడు కొమురెల్లి. అని, తను ఏమన్నాడో తనకే తెలిసి ఆగిపోయాడు.

ఆ మాట జమునకు ఆ మెరుపు కంటే భయంగా తోచింది. దొంగలు ఫైళ్లు మాత్రమే తీసుకుపోయారనుకుంది. ఈ ఇద్దరి మధ్య రోజూ నడిచే ఆ నాలుగు మాటల ఆప్యాయత కూడా సంచిలో వేసుకుపోయారు. దాన్నే తెచ్చి తాళంచెవిలా వాడారు.

అచ్యుతరావు జీపు వచ్చి ఆగింది. ముందు సీట్లో ఆయన ఒళ్లో, చంటిపిల్లలా, తువ్వాలు చుట్టిన బ్యాకప్ పెట్టె ఉంది. ఏ తీగ పీకాలో తెలియక పెట్టెనే పీక్కొచ్చేశాను అన్నాడు. కొమురెల్లి చేతులు చూసి మొహం తిప్పుకున్నాడు. వాళ్లతో బేరమాడేది లేదని, ఎన్ని రోజులు పని ఆగినా సరేనని, ఎవరూ అడగకుండానే అన్నాడు.

కానీ స్తంభం మీద, ఆ మెరుపుకు తెగిన తీగ వేలాడుతూనే ఉంది. సాయంత్రానికి గాలి దుమారం లేచేట్టుంది, ఆకాశం మంచిర్యాల వైపు నల్లబడుతోంది. అది అలా వదిలేస్తే కింద పోయే బర్రెలకో, బాటసారికో తగులుతుంది. ఇంకొకరిని పిలిపిస్తానని అచ్యుతరావు అన్నాడు. కొమురెల్లి ఒప్పుకోలేదు. దవాఖాన నుంచి కట్లతో వచ్చి, పైన చేతి తొడుగులు వేసుకుని, సగం పని మీద ఇంకొకణ్ని ఎక్కించనన్నాడు. ఈసారి ఎల్సీ పోశం ఎదురుగా నిలబడి తీసుకున్నాడు. రాడ్లు ఎవరూ చెప్పకముందే భుజాన వేసుకున్నాడు.

కొమురెల్లి పోవడానికి ముందు జమున అతనికి, పోశానికి ఒకటే చెప్పింది. ఈ గదిలోకి ఫోన్లో వచ్చే ఏ గొంతు మీదా యార్డులో హ్యాండిల్ లేవదు. నాదైనా సరే, సారుదైనా సరే.

ఆమె పోశం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఫ్యాను లేదు. కిటికీ అవతల యార్డులో కాకి ఒకటి కంచె మీద వాలి లేచిపోయింది. ముసలాయన ఎన్నడూ లేంది తన సెల్ తీసి ఆన్ చేసి బల్ల మీద పెట్టుకున్నాడు. దాని వంక చూస్తూ, చూడనట్టు కూర్చున్నాడు.

ల్యాండ్‌లైన్ మోగింది. పోశం ఎత్తి, జమునకు వినబడేలా రిసీవర్ కాస్త దూరంగా పట్టుకున్నాడు.

"పోశం కాకా, కొమురెల్లిని. పని అయింది. వర్క్‌షాప్ లైన్ ఎల్సీ వాపస్."

అలసిన గొంతు. చేతుల మంట వినబడుతున్న గొంతు. పోశం ఏమీ అనకుండా రిసీవర్ పెట్టేశాడు.

కాసేపటికి మళ్లీ మోగింది. అదే గొంతు, కాస్త చిరాకుగా ఉంది. ఏంది కాకా పెట్టేసినవ్, లైన్ ఇయ్యి అంటోంది. పెట్టేశాడు.

మూడోసారి మోగింది. ఈసారి గొంతు మెత్తగా ఉంది. మోకాళ్లెట్లున్నయి కాకా అని అడిగింది. పోశం రిసీవర్ పెట్టలేదు. బల్ల మీద బోర్లా ఉంచాడు. అందులోంచి గొంతు చిన్నగా మాట్లాడుతూనే ఉంది. చాలాసేపు మాట్లాడి ఆగిపోయింది.

దుమారం మొదలయ్యే వేళకు గేటు దగ్గర బండి చప్పుడు వినబడింది. కొమురెల్లి రాడ్లు మోసుకుంటూ, మట్టి కొట్టుకుపోయిన మొహంతో లోపలికి వచ్చాడు. వస్తూనే అలవాటు కొద్దీ ఫోన్ చేశానని, చేశాక జమున మాట గుర్తొచ్చి తనను తానే తిట్టుకున్నానని చెప్పాడు.

"ఎన్నిసార్లు జేసినవ్ బావా?" అని జమున అడిగింది.

"రెండుసార్లు."

జమున, పోశం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బోర్లా ఉన్న రిసీవర్‌ను ఎవరూ ముట్టలేదు.

పోశం కుర్చీలోంచి లేచాడు. అద్దాలు పెట్టుకున్నాడు. కొమురెల్లిని దగ్గరికి రమ్మని, రెండు చేతులతో అతని భుజాలు, మెడ, దుమ్ము పట్టిన చెంపలు తడిమి చూశాడు, కళ్లు సరిగా కనబడని మనిషి పండు కొనేటప్పుడు చూసుకున్నట్టు.

"ఇప్పుడు చెప్పు."

"కొమురెల్లిని కాకా. వర్క్‌షాప్ లైన్ ఎల్సీ వాపస్."

ముసలాయన ఒక చేత్తో అతని మణికట్టును అలాగే పట్టుకుని, యార్డులోకి నడిపించుకుపోయి, రెండో చేత్తో హ్యాండిల్ ఎత్తాడు.